అండమాన్: దీవిలో ఉన్నవి, దీవికి వచ్చినవి

అండమాన్ వెళ్లొచ్చినవాళ్లను కదిలిస్తే చాలామంది ఒకే మాట అంటారు: సముద్రం అద్భుతం, అడవి పచ్చగా ఉంది, జంతువులే పెద్దగా కనపడలేదు. ఫోన్‌లో ఫొటోలు చూపించమంటే మాత్రం రాజధాని పోర్ట్‌బ్లెయిర్ ఎదురుగా ఉన్న రాస్ దీవిలో చుక్కల దుప్పి పక్కన నిలబడి దిగింది ఒకటి బయటికొస్తుంది. ఆ దుప్పి అండమాన్‌ది కాదు. 20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ అధికారులు వేట సరదా కోసం ప్రధాన భూభాగం నుంచి తెచ్చి వదిలిన జంతువు అది. అక్కడే పుట్టి పెరిగిన జీవులు కంటపడకపోవడానికీ, తెచ్చిపెట్టిన జంతువు అందరి ఫొటోల్లోకీ ఎక్కడానికీ వెనక ఉన్న సంగతి తెలిస్తే అండమాన్ ప్రయాణం వేసుకునే తీరే మారిపోతుంది.

మయన్మార్ పడమటి అంచున ఉన్న అరకాన్ పర్వతాల వరుస అలాగే దక్షిణానికి సాగి బంగాళాఖాతంలో మునిగింది. నీళ్ల పైకి తేలిన దాని శిఖరాలే అండమాన్ నికోబార్ దీవులు. అన్నీ కలిపినా 8,249 చదరపు కిలోమీటర్లే. అందులో 80 శాతానికి పైగా అడవి. అన్నిటికంటే ఎత్తైన శాడిల్ పీక్ 732 మీటర్లు. ఇంత అడవి ఉన్నా అండమాన్‌లో పులి లేదు, చిరుతపులి లేదు, ఎలుగుబంటి లేదు. మధ్యలో సముద్రం ఉంది కాబట్టి, దాన్ని దాటగలిగినవే ఇక్కడికి చేరాయి. ఎగిరొచ్చినవి పక్షులు, గబ్బిలాలు. ఈదుకొచ్చినవి మొసళ్లు, తాబేళ్లు. కొట్టుకొచ్చిన దుంగలను పట్టుకుని వచ్చినవి బల్లులు, పాములు. నేల మీద తిరిగే క్షీరదాల్లో అడవిపంది, పునుగుపిల్లి, కొన్ని రకాల చుంచులు, ఎలుకలు తప్ప చెప్పుకోదగ్గవి లేవు.

అలా చేరిన జీవులు వేల ఏళ్లపాటు బయటి పోటీ లేకుండా బతికాయి. అందుకే ప్రపంచంలో మరెక్కడా లేని రకాలు ఇక్కడ తయారయ్యాయి. అండమాన్ నల్ల వడ్రంగిపిట్ట, అండమాన్ బాతు, అండమాన్ పాముల గద్ద, అండమాన్ అడవి పావురం, ఇంకా రెండు మూడు రకాల గుడ్లగూబలు. నార్కొండం అనే 7 చదరపు కిలోమీటర్ల చిన్న అగ్నిపర్వత దీవి ఒకటుంది. అక్కడి హార్న్‌బిల్ పక్షి భూమ్మీద ఆ ఒక్క దీవిలోనే ఉంది. ఒక జాతి మొత్తానికి ఉన్న ఇల్లు హైదరాబాద్‌లో ఒక పెద్ద కాలనీ అంత!

వేటాడే జంతువే లేనిచోట దుప్పిని వదిలితే ఏమవుతుంది? మందలు పెరిగాయి. దుప్పులు ఈదగలవు కాబట్టి ఒక దీవి నుంచి ఇంకో దీవికి పాకాయి. అండమాన్ చెట్లు ఇలాంటి మేతకు అలవాటు పడినవి కావు. ముళ్లు, చేదు లాంటి రక్షణ వాటికి తక్కువ. పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి కానీ వాటి కింద మొలిచిన పిల్లమొక్కలను దుప్పులు మేసేస్తాయి. దూరం నుంచి చూస్తే అడవి పచ్చగానే ఉంటుంది. లోపలికి వెళితే మోకాలెత్తు మొక్కే ఉండదు, నేల ఊడ్చినట్టుంటుంది. ఆ పొదల్లోనే తిండి, నీడ వెతుక్కునే బల్లుల సంఖ్య దుప్పులున్న దీవుల్లో బాగా పడిపోయిందని శాస్త్రవేత్తలు గమనించారు. నేడున్న ముసలి చెట్లు కూలాక వాటి చోటు నింపేవి ఏవన్నది అసలు ప్రశ్న. రాస్ దీవిలో దుప్పికి బిస్కెట్ పెట్టేవాళ్లకు ఇదంతా ఎవరూ చెప్పరు. చెప్పాలి.

ఏనుగుల కథ కూడా ఇలాంటిదే. కలప లాగడానికి వాటిని ఓడల్లో తెచ్చారు. పడాక్ చెట్టు కలపకు అప్పట్లో మంచి గిరాకీ ఉండేది. పోర్ట్‌బ్లెయిర్ దగ్గర చాథమ్ కోత మిల్లు 1883 నుంచి నడుస్తోంది. 1962లో ఇంటర్వ్యూ అనే దీవిలో ఒక కలప కంపెనీ మూతపడినప్పుడు అక్కడి ఏనుగులను అలాగే వదిలేశారు. అవి అడవిబాట పట్టి, పిల్లలను కని, చెట్ల బెరడు ఒలిచి, ఆ దీవి అడవి రూపమే మార్చేశాయి. హేవ్‌లాక్ దీవిలో, సముద్రంలో ఈదే ఏనుగుగా పేరుపడి 2016లో చనిపోయిన రాజన్ కూడా ఒకప్పుడు దుంగలు లాగిన ఏనుగే.

పెద్ద జంతువులే కాదు. తోటల్లో ఆకుకూరలు నాశనం చేసే ఆఫ్రికా నత్త రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఆక్రమణ కాలంలో చేరిందని చెబుతారు. మన ఊళ్లలో వానాకాలం పసుపురంగు తిరిగి బెకబెకమనే పెద్ద కప్ప గత రెండు దశాబ్దాల్లో అక్కడ వ్యాపించింది. చెరువుల్లో పెంచడానికి తెచ్చిన చేపపిల్లలతో కలిసి వచ్చింది. దాని తోకకప్పలు మిగతా కప్పల తోకకప్పలను తినేస్తాయి. పెద్దయ్యాక బల్లిని, చేపను, కోడిపిల్లను కూడా మింగుతుంది. ఇక్కడ పాములూ కొంగలూ అదుపులో పెట్టే జీవి అక్కడ పెద్ద తలనొప్పి అయింది.

దీవికి కొత్తగా వచ్చేది ఏదైనా ఇలాగే పనిచేస్తుంది. ఆ వచ్చేవాటిలో ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది మనిషే. 2011 లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3.8 లక్షలు. కోవిడ్‌కు ముందే ఏటా వచ్చే పర్యాటకులు 5 లక్షలు దాటారు. పైగా వీళ్లలో దాదాపు అందరూ తిరిగేది పోర్ట్‌బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్ అనే మూడు చోట్లే. 2018లో హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కు షహీద్ ద్వీప్ అని, 2024లో పోర్ట్‌బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేర్లు మార్చారు. టాక్సీవాళ్ల నోట్లో మాత్రం పాత పేర్లే నడుస్తున్నాయి.

నీటి సంగతి చూస్తే ఈ బరువు ఎంతో అర్థమవుతుంది. అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేదానికి ఇది మూడు రెట్ల పైమాటే. నైరుతి, ఈశాన్యం రెండూ కురుస్తాయి. అయినా మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి పోర్ట్‌బ్లెయిర్ ఇళ్లలో నీళ్లకు రోజుల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది. కొండలు నిటారు, వాగులు పొట్టివి. పడ్డ నీరు గంటల్లో సముద్రంలో కలిసిపోతుంది. ఊరికి ప్రధాన ఆధారం 1970ల్లో కట్టిన ధనీఖారీ డ్యామ్. సరిగ్గా నీళ్లు అడుగంటే నెలలే సెలవుల సీజన్ కూడా. హోటల్లో బాత్‌టబ్ నింపుకునేటప్పుడు ఆ నీళ్లు ఏ వీధి కుళాయిలోకి వెళ్లాల్సినవో గుర్తుంటే చాలు, వాడకం దానంతటదే తగ్గుతుంది.

ఆ వీధుల్లో మనవాళ్లూ ఉన్నారు. 2011 జనగణనలో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపలవేటకు, కూలిపనులకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలవాళ్లు. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల రేవులో నిలబడితే ఉత్తరాంధ్ర యాస చెవినపడుతుంది. అక్కడి పడవవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడితే ఏ రోజు పోటు ఎప్పుడొస్తుందో, ఏ గాలికి పడవ ఎక్కకూడదో ఏ వెబ్‌సైట్ చెప్పనంత స్పష్టంగా తెలుగులోనే తెలుస్తుంది. మన ప్యాకేజీ టూర్లలో ఈ ఊసే ఉండదు.

జంతువులు కనపడలేదన్న ఫిర్యాదుకు సగం కారణం గడియారం. అండమాన్ మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. డిసెంబరులో అక్కడ ఐదున్నరకే సూర్యోదయం అవుతుంది, సాయంత్రం ఐదింటికల్లా పొద్దు గుంకుతుంది. ఏప్రిల్, మేలలో ఐదు గంటలకే వెలుగు. హోటల్లో ఎనిమిదింటికి టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయల్దేరేసరికి పక్షులకు మధ్యాహ్నమైనట్టే. పోర్ట్‌బ్లెయిర్‌కు దక్షిణాన పాతిక కిలోమీటర్ల దూరంలో చిడియాటాపు ఉంది. టూర్ల వాళ్లు అక్కడికి సూర్యాస్తమయం చూపించడానికే తీసుకెళ్తారు. తెల్లవారకముందే అక్కడికి చేరితే చూడాల్సింది వేరే ఉంటుంది. రోడ్డు పక్క ఎత్తైన ఎండుమాను మీద టకటకమని చప్పుడవుతుంది. కాసేపు కదలకుండా నిలబడితే మాను వెనక నుంచి కాకి అంత నల్లటి పిట్ట, ఎర్రటి తలతో తొంగిచూస్తుంది. అదే అండమాన్ వడ్రంగిపిట్ట. దీవుల్లో పక్షులకు మనిషి భయం కాస్త తక్కువ కాబట్టి బైనాక్యులర్స్ లేకపోయినా కనపడుతుంది. ఆ సమయంలో దానికి కావలసింది నిశ్శబ్దమే. జీపులో పాటలు పెట్టుకుని వెళ్తే ఇదేదీ ఉండదు.

పోర్ట్‌బ్లెయిర్‌కు దగ్గర్లోనే సిప్పీఘాట్ దగ్గర ఆగితే ఇంకో సంగతి కంటబడుతుంది. 2004 డిసెంబరు 26 భూకంపం సునామీని తెచ్చింది, దాంతోపాటు దీవుల ఎత్తునూ మార్చేసింది. పోర్ట్‌బ్లెయిర్ వైపు నేల సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్‌లో వరి పండిన పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి మళ్లీ వెనక్కి పోలేదు. పోకచెట్లు, కొబ్బరిచెట్లు నిలబడ్డచోటే ఎండిపోయాయి. ఇప్పుడు ఆ నీళ్లలో కొంగలు, ఉల్లంకులు, అండమాన్ బాతులు తిరుగుతున్నాయి. ఉత్తర అండమాన్‌లో దీనికి వ్యతిరేకంగా జరిగింది. అక్కడ నేల పైకి లేచింది. అంతవరకు నీళ్లలో బతికిన పగడాల దిబ్బలు గాలిలోకి తేలి ఎండకు చచ్చిపోయాయి. దక్షిణాన గ్రేట్ నికోబార్ చివర ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, లైట్‌హౌస్ మొదలు సముద్రంలో చేరింది.

పగడాల గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పెట్టేది వాటిని చూడటానికే, తెలియక ఎక్కువ పాడుచేసేదీ వాటినే. పగడం రాయిలా కనపడుతుంది కానీ అది వేల చిన్న జీవులు కలిసి కట్టుకున్న ఇల్లు. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు బతుకుతుంది. ఎండను వాడుకుని ఆ నాచు చేసే తిండే పగడానికి ప్రధాన ఆహారం, పగడం రంగు కూడా దానివల్లే. సముద్రం మామూలు వేసవి వేడి కంటే ఒక డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు ఉంటే చాలు, పగడం ఆ నాచును బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. వెంటనే చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చచ్చిపోతుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇలా జరిగింది. గుండ్రాయిలా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతాయి. మంచం అంత దిబ్బ ఉందంటే దాని వయసు వందేళ్లు దాటి ఉండవచ్చు.

అలాంటి దిబ్బ మీద స్నార్కెలింగ్ (కళ్లకు అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ కిందికి చూడటం) చేస్తూ అలసి ఒక్కసారి కాలు ఆనిస్తే పైపొర చితికిపోతుంది. వేడెక్కే సముద్రాన్ని పర్యాటకుడు ఒక్కడే ఆపలేడు, కాలు ఆనించకుండా ఉండటం మాత్రం అతని చేతిలోనే ఉంది. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్‌తో తేలుతూ గైడ్ చేయి పట్టుకుని చూడవచ్చు. ఎండ తగలకుండా క్రీమ్ రాసుకుని నీళ్లలో దిగేకంటే పొడుగు చేతుల బనియన్ వేసుకోవడం మేలు. కొన్ని క్రీముల్లోని ఆక్సిబెంజోన్ పగడాలకు హాని చేస్తుందని హవాయి, పలావ్ లాంటి దీవులు అలాంటివాటిని నిషేధించాయి కూడా.

దక్షిణ అండమాన్‌లో వండూర్ దగ్గరి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్క్ ఈ విషయంలో మెచ్చుకోదగ్గ పని చేస్తోంది. 1983లో ఏర్పడిన ఈ పార్కులో 15 దీవులున్నాయి. వాటిలో జాలీబాయ్, రెడ్‌స్కిన్ రెండింటినీ ఒకేసారి తెరవరు. కొన్ని నెలలు ఇది, కొన్ని నెలలు అది. మూసిన కాలంలో ఆ దిబ్బకు ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను పడవ ఎక్కకముందే తీసేసుకుంటారు. ఇంత తనిఖీ ఏంటని విసుక్కునేవాళ్లు ఉంటారు. పోర్ట్‌బ్లెయిర్ ఎదురుగా నార్త్ బే లాంటి చోట, పడవల మీద పడవలు, జెట్‌స్కీలు ఒకేచోట తిరిగే నీళ్లు చూశాక జాలీబాయ్ నీళ్లు చూస్తే ఆ తనిఖీ విలువ తెలుస్తుంది.

నీళ్లలోకి దిగకుండా సముద్రజీవులను చూడాలంటే ఆటుపోట్లు తెలియాలి. రోజుకు రెండు పోట్లు (నీరు పైకి రావడం), రెండు ఆట్లు (నీరు వెనక్కి తీయడం). రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్యకు, పౌర్ణమికి నీటి ఎత్తులో తేడా దాదాపు రెండు మీటర్లుంటుంది. నీల్ దీవిలో సహజంగా ఏర్పడ్డ రాతి వంతెన దగ్గరికి టూర్ వాహనాలు తమకు వీలైన టైమ్‌కు చేరతాయి. పోటు ఉంటే రాళ్లూ నీళ్లే కనిపిస్తాయి. నీరు తీసిన గంటలో వెళితే రాళ్ల మధ్య మిగిలిన గుంటల్లో ఒక చిన్న లోకం ఉంటుంది. నల్లగా దోసకాయలా పడివుండే సముద్రపు దోస, ముళ్ల బంతిలాంటి సీ అర్చిన్, నీలం ఆకుపచ్చ పెదవులు తెరిచి మన నీడ పడగానే మూసుకునే పెద్ద ఆలుచిప్ప. ఇసుక మీద ఖాళీ గవ్వలో దూరి నడిచే సన్యాసి పీత. అది పెరిగేకొద్దీ పెద్ద గవ్వలోకి మారాలి. మనం ముచ్చటపడి జేబులో వేసుకునే ఖాళీ గవ్వే దానికి రేపటి ఇల్లు. ఎటూ పగడం ముక్కలను, రక్షిత జాబితాలోని గవ్వలను తెచ్చుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఎయిర్‌పోర్టులో బ్యాగులు తనిఖీ చేసి తీసేసుకుంటారు. అయితే గుంటల దగ్గరికి నడిచేటప్పుడు కాళ్ల కింద రాయా, పగడమా చూసుకోకపోతే నీళ్లలో జరిగే నష్టమే ఇక్కడా జరుగుతుంది.

తాబేళ్లు ఈ దీవులకు, మన తీరానికి ఉమ్మడి చుట్టాలు. శ్రీకాకుళం, విశాఖ ఒడ్డున గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లేలు ఇక్కడికీ వస్తాయి. వాటితోపాటు పచ్చ తాబేలు, హాక్స్‌బిల్, అన్నిటికంటే పెద్దదైన లెదర్‌బ్యాక్ కూడా గుడ్లు పెట్టే తీరాలివి. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది. లిటిల్ అండమాన్‌లో లెదర్‌బ్యాక్‌ల వీపున ట్రాన్స్‌మిటర్లు కట్టి వదిలితే కొన్ని ఆస్ట్రేలియా పడమటి తీరం వైపు, కొన్ని ఆఫ్రికా వైపు వెళ్లాయి. పర్యాటకులకు వీలైన చోటు ఉత్తర అండమాన్‌లో దిగ్లీపూర్ దగ్గరి కాలీపూర్ బీచ్. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు రాత్రిళ్లు అటవీశాఖవాళ్ల వెంట వెళ్లి చూడవచ్చు. ఫ్లాష్ కొడితే గుడ్లు పెట్టకుండానే తల్లి వెనక్కి వెళ్లిపోవచ్చు. అందుకే ఫోన్ లోపల పెట్టుకోవాలి.

లెదర్‌బ్యాక్‌లకు మన దేశంలో అతి ముఖ్యమైన చోట్లలో గ్రేట్ నికోబార్‌లోని గలాథియా తీరం ఒకటి. సాధారణంగా పర్యాటకులు అంతదూరం వెళ్లరు. అక్కడి అభయారణ్యం హోదాను 2021లో రద్దుచేశారు. కంటెయినర్ ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్, విద్యుత్ కేంద్రం కలిసిన ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చారు. దానికి సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి మళ్లించాలి. ఆకులు, ఇసుక కుప్పగా పోసి ఆ వేడితో గుడ్లు పొదిగించే నికోబార్ మెగాపోడ్ పక్షికీ, అడవినే నమ్ముకున్న షోంపెన్ తెగవాళ్లకూ ఆ దీవి ఇల్లు. దేశానికి ఓడరేవు అవసరమన్న వాదన ఉంది. కానీ దుప్పులూ ఏనుగులూ ఇంటర్వ్యూ దీవికి చేసింది చూశాక, ఇంత పెద్ద రాకను ఆ దీవి తట్టుకుంటుందని నమ్మడం కష్టం.

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సిన జంతువు ఉప్పునీటి మొసలి. మడ అడవుల్లో, వాగులు సముద్రంలో కలిసేచోట్ల ఉంటుంది. 2010లో హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ పక్కన ఒక అమెరికన్ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, చీకటి పడ్డాక నీళ్లలోకి దిగకూడదు. లైఫ్‌గార్డ్ ఈల వేస్తే బయటికి రావాలి, అంతే.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది బరాటాంగ్ దీవికి వెళ్లే దారి గురించి. సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం చూపిస్తామని తెల్లవారుజామున మూడింటికే లేపి తీసుకెళ్లే టూర్ ఇది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి వాహనాలు కాన్వాయ్‌గా జారవా అనే ఆదివాసుల రిజర్వ్ గుండా వెళ్తాయి. జారవాలు కొన్ని వందలమందే. 1990ల చివరిదాకా బయటివాళ్లను దగ్గరికి రానివ్వలేదు. రాకపోకలు మొదలైన కొద్దికాలానికే, 1999లో, తట్టు సోకి చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. మనకు చిన్నప్పుడే వచ్చిపోయే జబ్బుకు వాళ్ల ఒంట్లో అలవాటే లేదు. ఈ రోడ్డును రిజర్వ్ లోపల మూసేయాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో తిండి ఎరచూపి జారవా మహిళలతో డాన్స్ చేయించిన వీడియోలు బయటపడి ప్రపంచమంతా గొడవైంది. ఫొటో తీయడం, ఆపడం, తిండి ఇవ్వడం శిక్షించదగ్గ నేరాలు. ఇన్ని జరిగినా కాన్వాయ్ కిటికీల్లోంచి "జారవాలు కనిపిస్తారా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. మనుషుల ఊరు గుండా వాళ్లను చూడటానికి వెళ్లడం తప్పు. గుహలు అంత ముఖ్యమైతే సముద్రమార్గంలో వెళ్లే పడవ కోసం వాకబు చేయాలి.

ఉత్తరాన దిగ్లీపూర్‌కూ ఇదే చిక్కు, బస్సు రోడ్డు జారవాల రిజర్వ్ గుండానే పోతుంది. కానీ అది వెళ్లాల్సిన ఊరే. శాడిల్ పీక్ ఎక్కవచ్చు, ఇసుక తిన్నెతో కలిసిన రాస్ (దుప్పుల రాస్ కాదు, పేరొక్కటే), స్మిత్ జంట దీవులున్నాయి, కాలీపూర్ తాబేళ్లున్నాయి. చైనా సూపుల కోసం ఒక రకం పిట్ట తన ఉమ్మితో కట్టుకునే గూళ్లను కోసి అమ్మినవాళ్లకే జీతమిచ్చి కాపలా పెడితే గూళ్లు మళ్లీ పెరిగిన గుహలు కూడా ఆ వైపే ఉన్నాయి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి అక్కడికి ఓడ ఉంది, రోజూ ఉండదు. గాలి మారితే రద్దవుతుంది. కాబట్టి ఆరు రోజుల సెలవుంటే మూడు దీవులు చుట్టే ప్లాన్ పక్కనపెట్టి, పోర్ట్‌బ్లెయిర్‌లో రెండు తెల్లవారుజాములు, తర్వాత ఒకే ఒక్క దీవిలో మిగతా రోజులు పెట్టుకోవడం మేలు. పంచాంగం చూసి అమావాస్యకో పౌర్ణమికో ఆ రోజులు కుదుర్చుకుంటే బాగా తీసిన ఆటు దొరుకుతుంది. దిగ్లీపూర్ వెళ్లాలనుకుంటే ముందు ఓడ ఏయే రోజుల్లో ఉందో చూసుకుని, దాని చుట్టూ విమానం టికెట్లు కొనాలి. ఓడ కుదరకపోతే ఆ ఊరిని ఇంకో ఏడాదికి వాయిదా వేసుకోవచ్చు.